మంచం మోసిన తూనీగ



కొత్త బండి కొన్నవాడు ఎదురైతే మనము మొదట అడిగే ప్రశ్న, "ఎంత స్పీడు పోతుంది?" అని. విమానమెక్కి వచ్చినవానిని, "ఎన్ని గంటలలో వచ్చావు?" అని అడుగుతాము. ప్రయాణ సాధనాన్ని వేగంతో కొలవడం మనకు అలవాటు. అయితే ఈ నెల మేము మీకు పరిచయము చేయదలచిన యంత్రము ఆ కొలతకు ఏమాత్రము నిలువదు. గంటకు 150 కిలోమీటర్లు పోవడమే దానికి ఎక్కువ. అందులో ఇద్దరు, మహా అయితే ముగ్గురు కూర్చోగలరు. ముందు భాగమంతా గాజుబుడ్డి వంటి ప్లాస్టిక్ గోళము. వెనుక తొడుగు లేని లోహపు కడ్డీల తోక. చూడడానికి అచ్చం తూనీగ. అయినను అది చేయగలిగిన పని ఒకటున్నది. గాలిలో అది ఆగగలదు; ఆగిన చోటనే తిన్నగా క్రిందికి దిగగలదు. పొలములో గాని, కొండల నడుమ గాని, ఇంటి వెనుక దొడ్డిలో గాని, మనిషి ఎక్కడ పడి ఉన్నాడో అక్కడికే పోగలదు.

ఆ యంత్రము పేరు బెల్ 47. అమెరికా దేశములో తయారైన హెలికాప్టరు. 1945 డిసెంబరు 8న అది మొదటిసారి ఎగిరింది. సరిగ్గా మూడు నెలలకే, అనగా 1946 మార్చి 8న, పౌరుల వాడకానికి తగినదని ఆ దేశ ప్రభుత్వము దానికి ధృవపత్రమిచ్చింది. పౌర వినియోగానికి అటువంటి అనుమతి పొందిన హెలికాప్టర్లలో ప్రపంచములోకెల్లా అదే మొదటిది. తరువాత సుమారు మూడు దశాబ్దాల కాలంలో అమెరికాలోను, లైసెన్సు తీసికొని ఇటలీ, జపాను, బ్రిటను దేశాలలోను కలిపి 5,600కు పైగా తయారైనాయి.

అది చేయని పని లేదనవచ్చు. పంటలకు మందు చల్లింది. మనుష్యులు నడువలేని చోట్ల భూమి కొలతలకు సాయపడింది. పోలీసులు వాడుకున్నారు. 1957 జూలైలో ఐసన్‌హోవరు ఈ జాతి హెలికాప్టరులోనే ఎక్కి, హెలికాప్టరులో ప్రయాణించిన మొదటి అమెరికా అధ్యక్షుడయ్యాడు. 1958లో లాస్ ఏంజెలెస్ టెలివిజనువారు దీనిలో కెమెరా అమర్చి ఆకాశము నుండి వార్తలు చూపించారు. చంద్రుని మీద దిగబోయే వ్యోమగాములు, నిట్టనిలువుగా దిగడమెట్లో నేర్చుకొనడానికి ఇటువంటి హెలికాప్టర్లనే నడిపారు. ఇన్ని పనులు చేసినను, మేము దీనిని గురించి వ్రాయడానికి కారణము వీటిలో ఏదియు కాదు. అది క్రమముగా చెప్పుదుము.

కొన్ని సంవత్సరాల క్రితము న్యూజెర్సీలోని తెలుగు విశ్వాసుల ఆహ్వానము మీద మేము అక్కడి కూడికలకు వెళ్ళాము. ఒక శనివారము మాకు ఆతిథ్యమిచ్చిన కుటుంబమువారు మమ్మును న్యూయార్కు నగరములోని ఆధునిక కళల మ్యూజియముకు తీసికొనిపోయారు. 1929లో స్థాపించిన మ్యూజియము అది. వాన్ గో చిత్రించిన నక్షత్రాల రాత్రి అక్కడనే ఉన్నది. దానిని చూడవలెనని మెట్లెక్కుతూ తల పైకెత్తితే, మా తల మీద ఒక హెలికాప్టరు వ్రేలాడుతున్నది. నిజమైన హెలికాప్టరే. బెల్ 47డి1 అని దాని రకము. 1984లో ఆ మ్యూజియమువారు దానిని తమ సేకరణలో చేర్చుకున్నారట.

మేము అక్కడనే నిలిచిపోవడము చూచి ఆ ఇంటి సహోదరి, "అయ్యగారూ, పెయింటింగులు చూపిద్దామని తీసుకొస్తే మీరు మెట్ల మీదే ఆగిపోయారేమిటి?" అన్నది. వారి పదేళ్ళ కుమారుడు, "అంకుల్, కళల మ్యూజియంలో హెలికాప్టర్ ఎందుకు పెట్టారు?" అని అడిగాడు. మంచి ప్రశ్న. ఆ మ్యూజియమువారు 1934లోనే యంత్ర భాగాలతో, అనగా స్ప్రింగులు, బేరింగులు, పడవ ప్రొపెల్లర్లు వంటి వాటితో ఒక ప్రదర్శన పెట్టినవారు. పనికొచ్చే వస్తువులో కూడా అందమున్నదని వారి నమ్మకము. ఈ హెలికాప్టరు ముందున్న గోళాన్నే తీసికొనండి. ముక్కలు ముక్కలుగా చేసి లోహపు పట్టీలతో అతికినది కాదు. ప్లాస్టిక్ పలకను వేడిచేసి మెత్తపరచి, సబ్బు బుడగవలె గాలితో ఉబ్బించి ఒకటే ముక్కగా చేసినది. అందువలన నడిపేవానికి ముందు, ప్రక్కల, కాళ్ళ క్రింద కూడా అంతయు కనబడుతుంది. దిగవలసిన చోటు కనబడకపోతే దిగేదెట్లు? పని కొరకు చేసిన ఏర్పాటే అందమైనది.

దీనిని రూపొందించినవాని పేరు ఆర్థరు యంగ్. 1905లో పుట్టాడు. తండ్రి చిత్రకారుడు. యంగ్ 1927లో ప్రిన్‌స్టను విశ్వవిద్యాలయములో గణితశాస్త్రములో పట్టభద్రుడై, ఏదైనా ఒక కష్టమైన సమస్యను పట్టుకొని తేల్చవలెనని ఆలోచించి, చివరకు హెలికాప్టరును ఎంచుకున్నాడు. ఆ రోజులలో అనేక దేశాలలో అనేకులు ప్రయత్నిస్తూనే ఉన్నారు. 1939లో ఇగోరు సికోర్‌స్కీ తన హెలికాప్టరును ఎగురవేశాడు. ఆయన కంపెనీ హెలికాప్టరు ఒకటి 1944లో బర్మా అడవులలో చిక్కుకున్న సైనికులను బయటికి చేర్చింది కూడా. కాబట్టి యంగ్ ఒక్కడే దీనిని కనిపెట్టాడని మేము చెప్పడము లేదు. కాని ఆయన పనిచేసిన తీరు గమనించదగినది.

ఆయన సుమారు 12 సంవత్సరాలు ఆటబొమ్మలంత చిన్న నమూనాలతోనే గడిపాడు. పెన్సిల్వేనియా రాష్ట్రములో పావోలి అనే ఊరి దగ్గర ఒక పాత పశువుల కొట్టమును పనిశాలగా మార్చుకొని, చేసినది ఎగురవేయడము, అది పడి విరిగిపోతే ఎందుకు విరిగిందో చూడడము, మరల చేయడము. మనిషిని ఎక్కించి అతని ప్రాణము మీదికి తేవడము కంటె, బొమ్మ వంద సార్లు విరిగినా నష్టము లేదు గదా.

ఆయనను బాధించిన సమస్య ఇది. హెలికాప్టరు గాలిలో నిలబడినప్పుడు చిన్న కుదుపు వస్తే ఒక ప్రక్కకు వంగుతుంది. వంగిన వైపుకే జారుతుంది. జారిన కొలది ఇటూ అటూ ఊగి చివరకు తలక్రిందులవుతుంది. దీనికి ఆయన కనుగొన్న మార్గము చాలా సులభమైనది. పైన తిరిగే రెండు రెక్కలకు అడ్డముగా, వాటి క్రింద, రెండు కొసలయందు బరువులున్న ఒక కడ్డీని అమర్చాడు. రెక్కలతో పాటు అదియు తిరుగుతుంది. పిల్లలు ఆడుకునే బొంగరమును చూడండి. తిరుగుతున్నంతసేపు అది పడదు. నేల కొంచెము కదిలినా తాను నిటారుగానే నిలుస్తుంది. ఆ కడ్డీ కూడా అంతే. క్రింద హెలికాప్టరు శరీరము వంగినను అది తన మట్టమును విడువదు. రెక్కలను ఆ కడ్డీకి కలిపాడు గనుక, అవి వంగిన శరీరమును గాక, వంగని కడ్డీని అనుసరిస్తాయి. అంతటితో ఊగులాట తగ్గింది.

1941లో యంగ్ తన బొమ్మ హెలికాప్టరును బఫలో నగరములోని బెల్ విమాన కంపెనీకి తీసికొనిపోయి, వారి ఎదుట ఎగురవేసి చూపించాడు. కంపెనీ ఒప్పుకున్నది. యుద్ధ విమానాల తయారీతో క్రిక్కిరిసిన పెద్ద కర్మాగారానికి దూరముగా, గార్డెన్‌విల్ అనే చోట, మునుపు మోటారు కార్ల వ్యాపారము జరిగిన కట్టడములో ఆయనకు చోటు దొరికింది. ఆయన వెంట చిన్ననాటి స్నేహితుడు బార్‌ట్రం కెల్లీ, మరి కొందరు పనివారు. అక్కడనే నమూనా యంత్రాలు తయారై, 1943లో కట్లు లేకుండ స్వేచ్ఛగా ఎగరగలిగాయి.

అవి ఇంకా ప్రయోగ దశలో ఉండగానే, 1945 మార్చిలో ఈరీ సరస్సు మీద ఇద్దరు చేపలు పట్టేవారు మంచుగడ్డల మధ్య చిక్కుకున్నారు. పడవ పోలేదు, మంచు మీద మనిషి నడువలేడు, విమానము పోగలదు గాని దిగలేదు. ఫ్లాయిడ్ కార్ల్‌సన్ అనే పైలటు ఆ నమూనా హెలికాప్టరును తీసికొనిపోయి ఆ ఇద్దరిని ఒకరి తరువాత ఒకరిని ఒడ్డుకు చేర్చాడు. బెల్ 47 పుట్టకముందే దాని పని ఏమిటో ఆ సరస్సు మీద తెలిసిపోయింది.

తరువాత 1950లో కొరియా యుద్ధము వచ్చింది. కొరియా కొండల దేశము. బాటలు తక్కువ, ఉన్నవి కూడా గుంతలు, బురద. గాయపడినవానిని స్ట్రెచరు మీద కొండ దించి, జీపులో వేసి ఆస్పత్రికి చేర్చవలెనంటే గంటలు పట్టేది. ఆ కుదుపులకు అతని ప్రాణము మధ్యదారిలో పోయేది. 1951 ఆరంభమునుండి అమెరికా సైన్యము బెల్ 47 హెలికాప్టర్లను ఆ పనికి వినియోగించింది. సైన్యములో వాటికి హెచ్-13 అని పేరు.

ఇక్కడ ఒక సంగతి ఆలోచించండి. హెలికాప్టరు లోపల గాయపడినవానిని పడుకోబెట్టడానికి చోటు లేదు. అందుచేత క్రింద కాళ్ళవలె ఉండే రెండు గొట్టాల మీద, ఈ ప్రక్క ఒకటి, ఆ ప్రక్క ఒకటి స్ట్రెచర్లు కట్టారు. గాయపడినవారు ప్రయాణము చేసింది లోపల కాదు, వెలుపల. గాలి మొఖాన కొట్టకుండ ఒక తొడుగు, ఒంటి మీద దుప్పట్లు, బిగించిన పట్టీలు. లోపల పైలటు ఒక్కడు. తనకు అటూ ఇటూ మంచము మీద ఇద్దరు మనుష్యులు. అతడు తల త్రిప్పితే వారు కనబడతారు. చీకటిలో నడపడానికి తగిన పరికరాలు ఆ చిన్న యంత్రాలలో లేవు. సూర్యుడు కొండ వెనుకకు దిగుతున్నప్పుడు కూడా వెళ్ళి, చూపు ఆనే చివరి నిమిషములో దిగిన పైలట్లున్నారు.

ఈ చిన్న హెలికాప్టర్లు ఆ యుద్ధములో సుమారు 18,000 మంది క్షతగాత్రులను ఆస్పత్రులకు చేర్చినవని చరిత్రకారులు వ్రాశారు. రెండవ ప్రపంచ యుద్ధములో, గాయపడి వైద్యుల చేతికి చేరిన అమెరికా సైనికులలో ప్రతి 100 మందికి 4 లేక 5 మంది మరణించేవారు. కొరియాలో ఆ సంఖ్య 2 లేక 3కి తగ్గింది. దీనికి హెలికాప్టరు ఒక్కటే కారణము కాదు. శస్త్రచికిత్స చేసే గుడారపు ఆస్పత్రులు యుద్ధభూమికి దగ్గరగా వచ్చాయి; రక్తము ఎక్కించడము, మందులు మెరుగుపడ్డాయి. కాని ఎంత మంచి వైద్యుడైనను తన యొద్దకు చేరినవానికే గదా వైద్యము చేయగలడు!

మ్యూజియములోని హెలికాప్టరుకు ఆ స్ట్రెచర్లు లేవు. అయినను మెట్ల మీద నిలబడి దాని కాళ్ళవైపు చూస్తున్నంతసేపు మా కన్నులకు కనబడింది ఆ మంచాలే. ఎందుకో చెప్పవలెనంటే మా ఊరి మాట చెప్పాలి.

మాది కోనసీమ. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుఫాను ఆ ప్రాంతపువారెవరును మరువలేరు. అప్పటికి మాకు పదిహేనేళ్ళు. తెల్లవారి చూస్తే కొబ్బరి తోటలు తోటలుగా నేలకొరిగి ఉన్నవి. రోడ్డు ఎక్కడుందో తెలియలేదు; చెట్టు మీద చెట్టు. మా వీధిలో మాకు పెద్దమ్మ వరసైన ఒకామె మీద మట్టిగోడ కూలి తొడ ఎముక విరిగింది. ఊరిలో ఉన్న కట్టు కట్టారు. రెండు రోజులు దారి లేదు. మూడవ రోజున మా నాన్నగారు, మరి ముగ్గురు కలిసి ఆమెను నులక మంచం మీద పడుకోబెట్టి, మంచానికి వెదురు బొంగులు కట్టి, భుజాన ఎత్తుకున్నారు. మరి నలుగురు మార్పు కొరకు వెంట నడిచారు. మేము నీళ్ళ చెంబు పట్టుకొని వెనుక నడిచాము. పడిన ప్రతి చెట్టు దగ్గర మంచాన్ని దించడము, చెట్టు మీదుగా అవతలివారికి అందించడము, మరల ఎత్తడము. కొంత దూరము పోగానే ఎవరో ఒకరు, "భుజం మార్చండ్రా" అని కేక వేసేవారు. పెద్దమ్మ అరవలేదు. "నాయనా, మీ భుజాలు పుండ్లు పడతాయిరా" అని మాత్రము అంటూ ఉండేది.

మధ్యాహ్నము వేళ ఒక హెలికాప్టరు మా మీదుగా పోయింది. అందరము తువ్వాళ్ళు ఊపాము. అది ఆగలేదు. సముద్రపు ఒడ్డున ఉన్న ఊళ్ళకు ఆహార పొట్లాలు తీసికొని పోతూ ఉండవచ్చు. అంత ఎత్తునుండి, పడిన చెట్ల మధ్య ఒక నులక మంచం ఏమి కనబడుతుంది? దానిలో ఉన్నవారిని మా నాన్నగారు ఎన్నడును తప్పు పట్టలేదు. "వాళ్ళకి మనకంటే దూరంలో ఉన్నోళ్ళు ఎంతమందో" అనేవారు. సాయంకాలానికి ఆస్పత్రికి చేరాము. డాక్టరు గారు చూచి, మొదటి రోజే తెచ్చి ఉంటే వేరుగా ఉండేదన్నారు. మరునాడు ఉదయము పెద్దమ్మ కన్నుమూసింది. ఆమె చిన్న కుమారుడు అప్పటికి ఏడేళ్ళవాడు. మంచం మోసిన ఆ ఎనిమిది మందిని ఈనాటికీ ఎక్కడ కనబడినా ఆగి పలకరిస్తాడు.

అందుచేత 100కి నలుగురో ఐదుగురో అన్నది ఇద్దరో ముగ్గురో అయినదని చదివినప్పుడు, అది మాకు లెక్కగా కనబడదు. ఆ తగ్గిన ఇద్దరికి ఇండ్లున్నవి. ఆ ఇండ్లలో ఏడేళ్ళ పిల్లలున్నారు.

కపెర్నహూములో పక్షవాయువు గలవానిని మోసికొని వచ్చిన నలుగురి సంగతి మన పాఠకులకు తెలిసినదే. గుమ్మము దగ్గర దారి లేకపోతే వారు ఇంటికి తిరిగిపోలేదు. పైకప్పు విప్పి పైనుండి మంచం దించారు. వారి పేర్లు సువార్తలో వ్రాయబడలేదు. వారు ఎంత వేగముగా నడిచారో కూడా వ్రాయబడలేదు. చేర్చవలసిన చోటికి చేర్చారు, అంతే. కొరియాలో మంచాలు మోసిన పైలట్ల పేర్లు కూడా మనలో ఎవరికి తెలుసు?

ప్రియులారా, ఇప్పుడు మన దేశములోను హెలికాప్టర్లున్నవి. వరదలు వస్తే అవి వచ్చి మిద్దెల మీద చిక్కుకున్నవారిని ఎత్తుకొనిపోవడము చూస్తూనే ఉన్నాము. 2005లో మన రాష్ట్రములో 108 అంబులెన్సులు మొదలైనప్పటినుండి ఎందరో తల్లులు, ఎందరో ప్రమాదాలలో పడినవారు బ్రదికారు. దేవునికి స్తోత్రము. అయినను మన్యములోని కొన్ని గ్రామాల నుండి నిండు గర్భిణులను డోలీలో మోసుకొని కొండ దిగుతున్న వార్త ఇంకను పత్రికలలో చదువుతూనే ఉన్నాము. హెలికాప్టరు దిగని, అంబులెన్సు ఎక్కని ఆ దారిలో నేటికీ మంచాన్ని మోసేది మనిషి భుజమే.

హెలికాప్టరు చేయడము మనవల్ల కాదు. కాని యంగ్ 12 సంవత్సరాలు ఒక కడ్డీ కొరకు శ్రమించిన సంగతి చదివి ఊరుకుంటే చాలదనిపించి, మా సంఘములో ఒక చిన్న పని చేశాము. ఒక మడత స్ట్రెచరు కొని ఆలయపు వరండాలో గోడకు తగిలించాము, తాళము వేయలేదు. దాని ప్రక్కన ఒక కాగితము అంటించాము. ఊరిలో ఎవరి దగ్గర కారున్నదో, ఎవరి దగ్గర ట్రాక్టరున్నదో, రాత్రివేళ పిలిస్తే ఎవరు లేచి వస్తారో, కాలువ దాటించే పడవ ఎవరిదో, వారి ఫోను నంబర్లతో సహా వ్రాశాము. సంఘస్థులు మాత్రమే వాడుకోవలెనన్న నియమము లేదు. మొదటి సంవత్సరములోనే అది నాలుగు సార్లు గోడ దిగింది. అందులో మూడు సార్లు సంఘము వెలుపలివారి కొరకే. విరిగిన కాలుకు చెక్క ఎట్లా కట్టాలో, నడుము దెబ్బ తగిలినవానిని ఎట్లా ఎత్తాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రములోని నర్సమ్మగారు ఒక ఆదివారము మధ్యాహ్నము వచ్చి యౌవనులకు చూపించారు.

మీ ఊరిలో, మీ పేటలో అటువంటి కాగితమున్నదా? లేకపోతే ఈ వారములోనే కూర్చొని వ్రాయండి. ముందుగా నాలుగు పేర్లు చాలు. తరువాత భుజం మార్చడానికి మరి నలుగురిని వెదకండి.